మేకని రోజుకి ఒకసారి పిండాలా, రెండుసార్లా, మూడుసార్లా? పొదుగు లోపల జరిగేది తెలిస్తే లెక్క తేలిపోతాది

మేకని రోజుకి ఎన్నిసార్లు పిండితే పాలు ఎక్కువొస్తాయి అని మా నెల్లూరు మెట్ట వైపు, ఉదయగిరి వింజమూరు కలిగిరి చుట్టుపక్కల ఎవర్నడిగినా రెండు రకాల మాటలు వినపడతాయి. కొందరేమో పిండేకొద్దీ ఊరతాయబ్బా, మూడు పూటలా పిండు అంటారు. ఇంకొందరు, దాని ఒంట్లో ఉండేదే కదా వచ్చేది, ఒకసారి పిండినా నాలుగుసార్లు పిండినా అంతే, ఊరికే మేకని యాతన పెట్టటం అంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉండాది. ఎక్కడిదాకా నిజమో తెలియకుండా ఏదో ఒకటి పట్టుకుంటే మాత్రం పాలో మన ఒళ్ళో, ఏదో ఒకటి దండగ అవుతాది.

మన జిల్లా పేరు గొర్రెకి, నెల్లూరు జోడిపి, పల్ల, బ్రౌన్ అని దేశమంతా తెలుసు, మేకంటే కూడా ఇక్కడ ముందు మాంసమే. మేకపాలు అనేవి పిల్ల తాగంగా మిగిలినవి, ఇంట్లో టీకో ముసలోళ్ళకో. నాటుమేక రోజుకి అరలీటరు ఇచ్చిందంటే మంచి మేకే. ఇప్పుడు జమునాపారి, బీటల్, తలచేరి, వాటి క్రాసులు తెచ్చి పాలు కూడా అమ్ముకుందామని చూసేవాళ్ళు పెరిగారు, వాటిల్లో మంచివి మంచి మేత మీద లీటరు నుంచి రెండు లీటర్ల దాకా ఇస్తాయి, దానికి తోడు డెంగ్యూ సీజన్ వచ్చిందంటే మేకపాలకి ఎక్కడలేని గిరాకీ. (మేకపాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనటానికి గట్టి రుజువు లేదండీ, దాన్ని నమ్ముకుని ఆస్పత్రికి పోకుండా ఉండొద్దు. పచ్చిపాలు అసలే తాగొద్దు, బ్రూసెల్లా జ్వరం అట్లానే వస్తాది, కాచి తాగండి.) పాలకి రేటు వచ్చిన చోట ఎన్నిసార్లు పిండాలి అనే ప్రశ్న కూడా వస్తాది.

ముందు పొదుగు సంగతి. మేకకి పొదుగు రెండు భాగాలు, రెండు చన్నులు, ఈ పక్క పాలు ఆ పక్కకి పోవు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి కాసేపట్లో పనికొస్తాది. ఒక్కో భాగంలో పైన ద్రాక్షగుత్తుల్లాగా కంటికి కనపడనంత చిన్న సంచులు లెక్కలేనన్ని ఉంటాయి. ఆ సంచుల గోడల్లో ఉండే కణాలే రక్తంలోంచి గ్లూకోజు, అమినో యాసిడ్లు, కొవ్వు లాక్కుని పాలు తయారుచేస్తాయి. ఈ తయారీ రాత్రీ పగలూ జరుగుతానే ఉంటాది. చన్ను పట్టుకున్నప్పుడు పాలు పుడతాయి అనుకునేవాళ్ళు చాలామంది ఉండారు గానీ మనం గిన్నె పెట్టుకుని కూచునేటప్పటికే చేతికొచ్చే పాలు దాదాపు అన్నీ తయారై లోపల ఉంటాయి, పిండటం వల్ల జరిగేది చోటు ఖాళీ అవ్వటం.

తయారైన పాలు సన్నని గొట్టాల్లో కిందికి దిగి చన్ను పైన ఉండే పెద్ద ఖాళీలో చేరతాయి. దాన్ని సిస్టర్న్ అంటారు, మనం పాలగది అనుకుందాం. గేదెకీ ఆవుకీ మేకకీ అసలు తేడా ఈ గదిలోనే ఉండాది. గేదెకి ఈ గది చాలా చిన్నది, ఉన్న పాలల్లో 5 శాతం దరిదాపుల్లో మాత్రమే అందులో ఉంటాయి, మిగతాదంతా పైన సంచుల్లోనే. అందుకే గేదె చేపకపోతే చుక్క రాదు, దూడని వదలాలి, దాణా ముందు పెట్టాలి, పొదుగు నిమరాలి, కొత్త మనిషి వచ్చి కూచుంటే ఎగచేపుకుని నిలబడతాది. ఆవుకి ఐదో వంతు అటూఇటూగా గదిలో ఉంటాయి. మేకకి మొత్తం తిరగబడతాది, దాని పాలల్లో 70, 80 శాతం దాకా గదిలోకి దిగి కూచుని ఉంటాయి. మేక చేపకపోయినా చాలావరకు పాలు వచ్చేస్తాయి, ఎవరు పిండినా ఇస్తాది. గేదెల దగ్గర నేర్చుకున్న లెక్కని మేకకి పెడితే తప్పుతాది అనేది ఇందుకే, గేదెని ఒక పూట మానేస్తే పాలు చప్పున తగ్గిపోతాయి గానీ మేక అంత తొందరగా తగ్గదు, దిగి దాక్కోవటానికి పాలకి చోటు ఉండాది కాబట్టి.

మరి పాలు తియ్యకపోతే తయారీ ఎందుకు తగ్గుతాది? దీనికి సమాధానం చాలావరకు మేకల మీద పరిశోధన చేసే తెలుసుకున్నారు. స్కాట్లండ్‌లో ఎయిర్ అనే ఊరి దగ్గర హానా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది, 1980ల్లో అక్కడ ఒకే మేకలో ఒక చన్నుని రోజుకి రెండుసార్లు, రెండో చన్నుని మూడుసార్లు పిండి చూశారు. రెండు చన్నులకీ పోయేది ఒకటే రక్తం, అవే హార్మోన్లు, అదే మేత, అదే నీళ్ళు. అయినా మూడుసార్లు పిండిన పక్కే పాలు పెరిగాయి, రెండో పక్క అట్లానే ఉండిపోయింది. అంటే ఎక్కువసార్లు పిండితే మేక మొత్తానికి ఏదో హుషారు వచ్చి ఇస్తాది అనుకుంటే కుదరదు, ఏ పక్క ఖాళీ చేశారో ఆ పక్కే స్పందిస్తాది, లెక్క అంతా పొదుగు లోపలే.

సరే, నిండిపోయి బిగుసుకుపోవటం వల్ల తగ్గుతాదేమో, ఒత్తిడేమో అని అనుమానం వస్తాది కదా. దానికీ చూశారు. 1984లో హెండర్సన్, పీకర్ అనే ఇద్దరు మూడోసారి పాలు తీసేసి, తీసినన్ని పంచదార నీళ్ళు, రక్తంతో సమానమైన గాఢతలో కలిపినవి, మళ్ళీ చన్ను లోపలికి ఎక్కించారు. పొదుగు మళ్ళీ అంతే నిండుగా ఉండాది, బిగువు అంతే, కానీ లోపల ఉండేది పాలు కాదు. అయినా తయారీ పెరిగింది. ఆ కొద్ది గంటల వ్యవధిలో పొదుగు నిండుగా ఉండటం తయారీని ఆపలేదు, పాలల్లోనే ఏదో ఉండాది, అది కణాల పక్కన ఎక్కువసేపు నిలబడితే ఇక చాలు అని కణాలకి చెప్తాది. మొదట్లో దాన్ని పాలల్లో ఉండే ఒక ప్రోటీన్ అన్నారు, తర్వాత ఇజ్రాయెల్ వాళ్ళు మేకల్లోనే కేసీన్ అనే పాల ప్రోటీన్ నుంచి తెగిన చిన్న ముక్క ఒకటి ఈ పని చేస్తాదని చూపించారు, కణాల్లోనే తయారయ్యే సెరటోనిన్ అనే రసాయనానికి కూడా ఇందులో పాత్ర ఉండాది. పేరు ఏదైనా మనకి కావాల్సింది ఒకటే: ఆ పదార్థం పైన సంచుల్లో కణాల దగ్గర ఉంటేనే ఆపుతాది, కింద గదిలోకి దిగిపోయిన పాలు అంతగా ఆపలేవు. మేకకి పెద్ద గది ఉండటం ఎందుకు లాభమో ఇప్పుడు అర్థమవుతాది.

ఇది ఒక్క రోజులో జరిగి అయిపోయే వ్యవహారం కాదు. గంటల్లో జరిగేది తయారీ వేగం పెరగటం తగ్గటం. అదే పద్ధతి రోజుల తరబడి సాగితే ఒక్కో కణం సత్తువ, అంటే పాలు తయారుచేసే ఎంజైములు, పెరగటమో తగ్గటమో జరుగుతాది. వారాలు నెలలు సాగితే కణాల సంఖ్యే మారిపోతాది, వాడకంలో లేని కణాలు చచ్చిపోతాయి, చచ్చిన కణాలు ఆ ఈతకి మళ్ళీ తిరిగిరావు. ఒక పూట పెళ్ళికి పోయి పిండలేదంటే ఏమీ కాదు, నెలరోజులు అశ్రద్ధ చేసి తర్వాత ఎంత పిండినా పాత పాలు పూర్తిగా రావు.

ఇంకో గీత కూడా ఉండాది. సంచుల గోడల్లో కణానికీ కణానికీ మధ్య గట్టి అతుకు ఉంటాది, పాలని పాల వైపు రక్తాన్ని రక్తం వైపు ఆపేది అదే. మేకల్లో సుమారు 21 గంటలు పాలు తియ్యకుండా ఉంచితే ఆ అతుకులు వదులై లీకవుతాయి, పాలల్లో చక్కెర రక్తంలోకి పోతాది, రక్తంలో ఉప్పు పాలల్లోకి వస్తాది. ఆవుల్లో అదే 17, 18 గంటలకే జరుగుతాది. రోజుకి ఒక్కసారి పిండే మేక పాలు ఒక్కోసారి రవ్వంత ఉప్పగా అనిపించేది ఇందుకే.

ఇప్పుడు అంకెలకొద్దాం. రెండు పూటల నుంచి ఒక పూటకి మారిస్తే ఆవుల్లో 20 నుంచి 30 శాతం పాలు పోతాయి. మేకల్లో స్పెయిన్ వాళ్ళ ముర్సియానో గ్రనాడినా జాతిలో 18 శాతం తగ్గాయి, ఫ్రాన్స్‌లో ఆల్పైన్ మేకల్లో 15 శాతం దరిదాపుల్లో తగ్గాయి. కానరీ దీవుల్లో అయితే తరతరాల నుంచి మేకల్ని రోజుకి ఒక్కసారే పిండుతారు, అక్కడి మేకలకి పాలగది బాగా పెద్దది, రెండోసారి పిండినా పెద్ద తేడా రాదు. పైగా ఒక పూట పిండినప్పుడు పాలు తగ్గినా వెన్న శాతం చాలాసార్లు పెరుగుతాది, చిక్కగా ఉంటాయి. పని సగమైపోతాది, పోయేది ఐదారో వంతు పాలు. నలుగురు మనుషులున్న ఇంట్లో అయితే రెండు పూటలా పిండుకోవచ్చు, ఒంటిచేత్తో మంద చూసుకునేవాళ్ళకి మాత్రం ఒక పూట అనేది సోమరితనం కానే కాదు, లెక్క ప్రకారం చూసినా న్యాయమైన బేరమే.

మూడు పూటలంటే, మంచి పాలజాతి మేక, ఈనిన తొలి నెలల్లో, కడుపునిండా మేత ఉన్నదైతే 10 శాతం అటూఇటూ పెరుగుతాయి. మూడు లీటర్లిచ్చే మేకకి అది 300 మిల్లీలీటర్లు, సరే అనొచ్చు. అరలీటరు మేకకి 50 మిల్లీలీటర్లు, టీకొట్టు గ్లాసు కూడా నిండదు, దానికోసం మండుటెండలో మధ్యాన్నం మంద దగ్గరికి పోయి ప్రతి మేకనీ పట్టుకుని పిండటం అనవసరం అని నా గట్టి అభిప్రాయం. పాలు పొంగేంతగా పొదుగు నిండనే నిండని మేకకి మూడో పూట ఏం చేస్తాది?

మా ఊళ్ళల్లో జరిగే ఒక పొరపాటు దగ్గరికి ఇప్పుడొస్తా, ఇదంతా రాయటానికి సగం కారణం అదే. మంద కాసేవాళ్ళు పెద్దకాలం నుంచి చేసేది ఏందంటే, రాత్రి పిల్లల్ని గంప కింద మూసో వేరే దొడ్లో పెట్టో తల్లికి దూరంగా ఉంచుతారు, తెల్లారి ఒకసారి పిండుకుని పిల్లని వదిలేస్తారు. చూసేవాళ్ళకి రోజుకి ఒక్క పూటే పిండినట్టు. కానీ పిల్ల పగలంతా తల్లి దగ్గర ఉన్నప్పుడల్లా కుడుస్తానే ఉంటాది, ఈనిన కొత్తలో అయితే ఎన్నిసార్లు కుడుస్తాదో లెక్కపెట్టలేం. అంటే ఆ పొదుగు రోజుకి చాలాసార్లు ఖాళీ అవుతా ఉండాది, మన చెయ్యి పడేది ఒక్కసారే గానీ.

పిల్ల కుడిచేటప్పుడు దగ్గర కూచుని చూడండి. తల పొదుగు కిందికి పెట్టి నాలుగు గుటకలు వేస్తాది, ఆపి ముట్టెతో పొదుగుని పైకి ఒక్క కుమ్ము కుమ్ముతాది, మళ్ళీ చన్ను పట్టుకుంటాది, తోక ఆగకుండా ఊగుతా ఉంటాది. ఆ కుమ్ముకి తల్లి మెదడులోంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి పైన సంచుల చుట్టూ ఉండే కండరాలు బిగుసుకుని, మిగిలిన పాలు కిందికి దిగుతాయి. మనం గదిలో ఉన్నవి పిండి లేచిపోతాం, పిల్ల పైన ఉన్నవి కూడా దించుకుని తాగుతాది. కాబట్టి మూడో నెలలో పిల్లల్ని అమ్మేసి, ఎప్పట్లాగే ఒక్క పూటే పిండుకుంటా కూచుంటే పొదుగుకి తెలిసేది ఏందంటే పదిసార్లు ఖాళీ అయ్యేది ఒక్కసారికి పడిపోయింది అని, కొద్ది వారాల్లోనే పాలు బాగా దిగుతాయి, అప్పుడు మేకకి దిష్టి తగిలింది, కొన్నవాడి కన్ను మంచిది కాదు అంటారు. దిష్టి కాదు. పిల్ల పోయిన రోజు నుంచే కొన్నాళ్ళు రెండు పూటలా పిండండి, అప్పుడు తగ్గేది కొంచెం కొంచెంగా తగ్గుతాది. జంటపిల్లల్లో ఒకటి చచ్చిపోయినప్పుడు కూడా ఇదే, మిగిలిన పిల్ల ఒక చన్నే మరిగితే రెండో చన్ను ఎండిపోతాది, దాన్ని చేత్తో తియ్యాల్సిందే.

మీ మేకకి ఒక పూట సరిపోతాదా లేదా అనేది జాతి పేరు చూసి చెప్పేదానికంటే కొలిచి చూసుకోవటం మేలు. ఒక కొలత గ్లాసు చాలు. పిల్ల లేని మేకనే తీసుకోండి. ఉదాహరణకి సాయంత్రం 5కి పిండి మళ్ళీ పొద్దున 6కి పిండారు, 13 గంటలు, 520 మిల్లీలీటర్లు వచ్చాయి, గంటకి 40. పొద్దున 6 నుంచి సాయంత్రం 5 దాకా 11 గంటల్లో 440, అదీ గంటకి 40. అంటే 13 గంటల వరకు పొదుగుకి ఇబ్బంది లేదు, రోజుకి 960. ఇప్పుడు సాయంత్రం పూట మానేసి 24 గంటలకి పిండితే 820 వచ్చాయనుకోండి, గంటకి 34, పోయింది 15 శాతం. అదే ఇంకో మేక 24 గంటలకి 600 ఇస్తే దానికి పాలగది చిన్నదన్నమాట, దాన్ని ఒక పూట మీద పెట్టకూడదు. ఒక్కరోజు చూసి తేల్చెయ్యొద్దు, వారం పది రోజులు చూడండి, మేత మారిన రోజు, వాన పడిన రోజు లెక్కలోంచి తీసెయ్యండి. రెండు పూటలకీ మధ్య సరిగ్గా 12 గంటలే ఉండాలనే బెంగ కూడా అక్కర్లేదు, మేకల్లో 16 గంటలు, 8 గంటలుగా పిండినా పెద్దగా నష్టం ఉండదు, మంద తోలుకుపోయే టైము తిరిగొచ్చే టైము ఎట్లా ఉంటే అట్లా పెట్టుకోవచ్చు.

రెండు పూటలూ ఎప్పుడు తప్పనిసరి అంటే ఈనిన మొదటి రెండు నెలలు. మేక పాలు ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు బాగా పైకి వస్తాయి, పొదుగులో కణాలు కుదురుకునేది ఆ రోజుల్లోనే, అప్పుడు అశ్రద్ధ చేస్తే ఆ ఈతంతా తక్కువలోనే నడుస్తాది. ఐదో నెల దాటాక ఒక పూటకి మార్చుకున్నా బాధ లేదు.

మేత లేకుండా ఈ లెక్కలన్నీ వట్టివే. పాలల్లో 87 శాతం దాకా నీళ్ళే కదా, రోహిణి కార్తెలో చెరువులెండి మేక రోజుకొక్కసారి బురదనీళ్ళు తాగి వస్తే మూడు పూటలు కాదు ఆరు పూటలు పిండినా రావు. ఎక్కువసార్లు పిండితే కణాలు ఎక్కువ అడుగుతాయి, ఇవ్వటానికి రక్తంలో ఉండాలి, లేకపోతే మేక తన ఒంట్లో కొవ్వు కరిగించి ఇచ్చి వెన్నుపూస తేలి, తర్వాత ఎదకి రావటం ఆలస్యమవుతాది. మేపుకొచ్చాక సాయంత్రం అవిసె ఆకు, తుమ్మకాయలు, వేరుశనగ కట్టె, శనగపొట్టు, గుప్పెడు తవుడు చెక్క, దొడ్లో ఎప్పుడూ మంచి నీళ్ళు, ఇవి పెట్టినోళ్ళు రెండో పూట గురించి ఆలోచించాలి. సుబాబుల్ దొరుకుతాది కదా అని అదే పెట్టొద్దు, మొత్తం మేతలో మూడో వంతు దాటితే జుట్టు రాలతాది, గొంతు దగ్గర వాపు వస్తాది.

ఎన్నిసార్లు అనే దానికంటే ఎంత ఖాళీ చేశారు అనేది కూడా అంతే ముఖ్యం, ముఖ్యంగా ఒక పూటే పిండేవాళ్ళకి. ముందు పొదుగు కడిగి తుడిచి, తొలి ధార నల్లగుడ్డ మీద పిండి తరకలు పడుతున్నాయేమో చూడండి. చన్ను మొదట్లో బొటనవేలు చూపుడువేలు బిగించి పాలు పైకి పోకుండా ఆపి, మిగతా వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మూయాలి, కిందికి గుంజకూడదు, గుంజితే లోపల చర్మం దెబ్బతిని అక్కడే పొదుగువాపు మొదలవుతాది. ధార సన్నబడ్డాక లేవకుండా, పిల్ల కుమ్మినట్టే పిడికిలితో పొదుగుని రెండుసార్లు మెల్లగా పైకి తట్టి మళ్ళీ పట్టుకోండి, ఇంకో నాలుగైదు ధారలు వస్తాయి. పైన కణాల దగ్గర కూచుని ఆపేవి ఆ పాలే. ఒక చన్ను వేడిగా, గట్టిగా ఉంటే అప్పుడు ఒక పూట రెండు పూటలు అనేది పక్కన పెట్టి మాటిమాటికీ పిండి పారబోసి పశువుల డాక్టరుకి చూపించాలి.

పాలు చేపటానికి సూది ఉండాది, గేదెలకేస్తారు కదా మేకకీ వేద్దామా అని అడిగేవాళ్ళూ ఉండారు. వద్దు. ఆక్సిటోసిన్ చేసేది పైన సంచుల్లో ఉండే పాలు కిందికి తొయ్యటం, మేకకి చాలావరకు ముందే కిందికి దిగి ఉంటాయి కాబట్టి లాభం అంతంతమాత్రం, అలవాటు పడితే సూది లేనిదే చేపదు. పాలు పెంచటానికని ఆరోగ్యం చెడగొట్టే సూదులు వెయ్యటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఆఖరికి వట్టిపోగొట్టే సంగతి. మేక చూడి 150 రోజులు, మళ్ళీ ఈనే ముందు కనీసం రెండు నెలలు పొదుగుకి విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. పాలు పెంచటానికి ఏ సూత్రం పనికొచ్చిందో ఆపటానికీ అదే పనికొస్తాది: దాణా తగ్గించి, రోజుకి ఒక పూటకి దించి, రోజుమార్చి రోజు పిండి, తర్వాత పూర్తిగా మానెయ్యండి. మూడు నాలుగు రోజులు పొదుగు బిగుసుకుని ఉంటాది, చూసి జాలిపడి పిండామంటే మళ్ళీ మొదటికొస్తాది, ఆ నిలిచిపోయిన పాలే తయారీని ఆపేది. చేత్తో తాకి చూడండి, బిగువుగా ఉన్నా చల్లగా ఉంటే వదిలెయ్యండి, వేడిగా ఎర్రగా ఉన్నా, మేక మేత మానేసినా డాక్టరుని పిలవండి.